రెండో రాజు బంగారమ్మ

నేనింతకు ముందు ఏదీ రాయలేదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఉత్తరం రాయాల్సి వచ్చినా మా అక్క చేతే రాయించేదాన్ని. ఈ కథ మాత్రం మా వీధి పిల్లలకి చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసింది. నోటితో చెప్పినట్టే కాగితం మీద పెడుతున్నాను. దగ్గరికి జరిగి కూర్చోండి మరి.

అనగనగా ఒక అడవికి నాటకాల పిచ్చి పట్టుకుంది.

ఆ పిచ్చి తెచ్చింది ఎలుగుబంటి. అడవి పక్క ఊళ్లో తిరునాళ్లు జరిగాయి. ఒక నాటకం కంపెనీ వచ్చి డేరా వేసింది. ఎలుగుబంటి బెల్లం వాసన పట్టుకుని వెళ్లి, డేరా వెనక పొదలో మూడు రోజులు ఉండిపోయింది. రాజు తెర వెనక నుంచి రావడం చూసింది. రాగం తీసి పద్యం పాడడం చూసింది. తొడ కొట్టడం చూసింది. బెల్లం సంగతే మరిచిపోయింది.

తిరిగి వచ్చి అడవిలో అందరినీ పోగేసింది. మనం కూడా ఒక సంగీత నాటకం వేద్దాం అంది. కథ తనే అల్లింది, పద్యాలు తనే కట్టింది. ఆ రోజు నుంచి అందరూ ఎలుగుబంటిని గురువుగారు అనడం మొదలుపెట్టారు. మనమూ అలాగే అందాం.

గురువుగారి నాటకంలో ఒక రాజు ఉంటాడు. కోట చుట్టూ కందకం నింపుకోవాలని ఊరి వాగుకి అడ్డంగా కట్ట కట్టేస్తాడు. ఊరు ఎండిపోతుంది. రాజు మీసం మెలేస్తాడు. అది మొదటి భాగం. రెండో భాగంలో శత్రువులు వచ్చి కోట పట్టుకుంటారు. రాజు గోనెపట్టా చుట్టుకుని, దాహంతో తడబడుతూ, తను ఎండబెట్టిన ఊరికే వచ్చి నీళ్లు అడుక్కుంటాడు. సిగ్గుపడి తన చేతులతోనే ఆ కట్ట తెంపేస్తాడు. వాగు పారుతుంది. అందరూ కలిసి మంగళం పాడతారు.

రాజు ఒక్కడే. వేసేవాళ్లు మాత్రం ఇద్దరు కావాలి అన్నారు గురువుగారు. అన్ని పద్యాలు పాడడానికి ఒక గొంతు చాలదట. అందుకని నాటకాల్లో మొదటి భాగం ఒకరు వేస్తారు, రెండో భాగం ఇంకొకరు వేస్తారు. ఒకటో రాజు, రెండో రాజు అంటారు వాళ్లని. ఒకటో రాజు తన భాగం కాగానే తెర వెనక్కి వెళ్లిపోవాలి. రెండో రాజు రావాలి.

అన్నిటికంటే ముందు పులిని అడగాలి కదా. పులి ఉన్న అడవిలో అందరూ ఒకచోట కూర్చుంటే అది నాటకం కాదు, విందు. గురువుగారు భయపడుతూనే గుహకి వెళ్లారు. పులికీ పాటంటే ఇష్టమే.

"నేను పొద్దున్నే తినేసి వస్తాను. పొద్దు గుంకేదాకా నేను చూడ్డానికి వచ్చినవాణ్ణే. ఎవరి జోలికీ రాను. పొద్దు గుంకిందా, నా కడుపు నా మాట వినదు. ఆ సంగతి నాకు తెలుసు. మీరూ తెలుసుకుని లెక్క చూసుకోండి" అంది.

మాట కుదిరింది. ఇక వేషాలు ఎవరికివ్వాలో చూడాలి.

ఒకటో రాజు వేషానికి పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. అడవిపుంజు జగ్గారావు వచ్చాడు. ఎర్రని తురాయి, బంగారు మెడ, వంపు తిరిగిన తోక. కిరీటం పెట్టక్కర్లేకుండానే రాజులా ఉన్నాడు. గొంతు విప్పి రాగం తీస్తే ఎదురు కొండ పలికింది. గురువుగారు అక్కడికక్కడే సరే అన్నారు.

చిక్కంతా రెండో రాజుతో వచ్చింది.

ముందు కొండముచ్చు వచ్చాడు. కిరీటం ఉంటుందా అని అడిగాడు. ఉండదు అన్నారు గురువుగారు. వెళ్లిపోయాడు. తర్వాత నెమలి వచ్చింది. జరీ బట్టలు ఎన్ని జతలు అని అడిగింది. జరీ లేదు, చిరిగిన గోనెపట్టా ఒక్కటే అన్నారు. అదీ వెళ్లిపోయింది. మూడోసారి ఎవరూ రాలేదు. చాలాసేపు ఎదురుచూశాక తాబేలు పిన్ని మెల్లగా మెడ బయటికి చాపింది.

"గురువుగారూ, మా బంగారమ్మ పాడుతుంది. దుంపలు తవ్వుకుంటూ పాడుకుంటుంటే రోజూ వింటున్నాను."

బంగారమ్మ ఏదుపంది. ఒళ్లంతా ముళ్లు. ఆమె ముళ్లకి భయపడి ఎవరూ పక్కన కూర్చునేవారు కాదు. ఎవరూ కూర్చోరు కాబట్టి ఆమెకి నలుగురిలో మాట్లాడడం అలవాటు కాలేదు. పాట మాత్రం ఉంది. ఆ రోజు కూడా చూడ్డానికే వచ్చింది. తాబేలు పిన్ని మాట వినగానే సిగ్గుతో వణికింది. వణికితే ముళ్లన్నీ గలగలమన్నాయి. అందరూ నవ్వారు.

గురువుగారు నవ్వలేదు. మమ్మల్ని చూడొద్దమ్మా, అటు తిరిగి పాడు అన్నారు. బంగారమ్మ అటు తిరిగింది. ముళ్లు కాసేపు గలగలలాడి ఆగాయి. అప్పుడు పాడింది. పెద్ద గొంతు కాదు. రాగం ఎక్కువ తీయలేదు. ఒక్కో మాటా విడివిడిగా, గింజ గింజ ఒలిచి చేతిలో పెట్టినట్టు వినిపించింది.

పాట అయ్యాక గురువుగారు ముక్కు తుడుచుకున్నారు. రేపటి నుంచి రా అన్నారు. అంతే అన్నారు.

జగ్గారావు ఊరుకుంటాడా. "గురువుగారూ, నాటకంలో రాజు ప్రజల్ని కౌగిలించుకునే చోటేమైనా ఉంటే ముందే తీసేయండి. ప్రజలు మిగలరు" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. బంగారమ్మ కూడా ఆ మాటకి నవ్వింది. ఆ నవ్వులో ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది.

నెల రోజులు నేర్చుకున్నారు. కీచురాళ్లు శ్రుతి పట్టాయి. వడ్రంగిపిట్ట ఎండుకొమ్మ మీద మద్దెల వాయించింది. పద్యమంటే ఆవు, రాగమంటే దూడ అని గురువుగారు రోజూ చెప్పేవారు. దూడ ఆవు వెనక నడవాలి గాని, ఆవు దూడ వెనక పరిగెత్తకూడదు అనేవారు. బంగారమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. జగ్గారావుకి అది చెవిలో కూడా పడలేదు. అతని మనసు ఇంకో మాట మీద పడింది.

ఊళ్లో నాటకాలు ఆడేటప్పుడు ఒక పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అని అరుస్తారట. అలా అరిస్తే నటుడు ఆ పద్యం మళ్లీ మొదట్నుంచి పాడాలట. ఆ సంగతి గురువుగారు ఒకరోజు మాటల్లో చెప్పారు. జగ్గారావు కళ్లు మెరిశాయి. ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లు పాడొచ్చా అని అడిగాడు. పాడొచ్చు, కానీ మన నాటకానికి పొద్దు లెక్క ఉంది, అది మరిచిపోకు అన్నారు గురువుగారు. జగ్గారావు సరే సరే అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి తన బలగంలోని నలభై పెట్టలకీ వన్స్ మోర్ అనడం నేర్పాడు.

బంగారమ్మకి అంత ఆశ లేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. ఒక్కసారి, అందరి ఎదుట, తన నాలుగు పద్యాలు మొదట్నుంచి చివరిదాకా పాడాలి. దుంపలు తవ్వేటప్పుడు అవే పద్యాలు. నడిచేటప్పుడు అవే. నిద్రలో కూడా పెదవులు కదిలేవని తాబేలు పిన్ని చెప్పేది.

నాటకం రోజు వచ్చింది. రెండు చెట్లకి అడ్డంగా అడవితీగ అల్లి తెర కట్టారు. ముందు వరుసలో కుందేలు పిల్లలు, లేడి పిల్లలు. వెనక వాళ్ల అమ్మలు. ఒక పక్కన నలభై పెట్టలు. అందరికీ దూరంగా ఒక బండ మీద పులి. దాని చుట్టూ ఇంకో ఊరు కట్టేంత ఖాళీ జాగా.

పొద్దు తాటిచెట్టంత ఎత్తున ఉండగా రెండో రాజు రావాలని గురువుగారు లెక్క కట్టుకున్నారు.

జగ్గారావు వచ్చాడు. నిజం చెప్పాలి, చాలా బాగా వేశాడు. నేల మీద కాలు వేస్తే దుమ్ము లేచింది. మొదటి పద్యానికి అందరూ వన్స్ మోర్ అన్నారు. పెట్టలే కాదు, లేళ్లు అన్నాయి, కుందేళ్లు అన్నాయి. జగ్గారావు మళ్లీ పాడాడు. అందులో తప్పేమీ లేదు.

రెండో పద్యానికి పెట్టలు మాత్రమే అన్నాయి. జగ్గారావు మళ్లీ పాడాడు. ఈసారి రాగం ఇంకా పొడుగ్గా లాగాడు.

మూడో పద్యం తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. పెట్టలకి ఆకలేసి పురుగులు ఏరుకుంటున్నాయి. జగ్గారావు రెక్క చెవికి ఆనించి పెట్టల వైపు తిరిగాడు. ఏమన్నారు, వినపడలేదు అన్నాడు. పెట్టలు ఉలిక్కిపడి తలలెత్తి వన్స్ మోర్ అన్నాయి. మళ్లీ పాడాడు. అయ్యాక మళ్లీ చెవి ఆనించాడు. మళ్లీ పాడాడు.

గురువుగారు చూసి చూసి తెర లాగేశారు. జగ్గారావు ఒక్క ఎగురు ఎగిరి తెరకి ముందు నిలబడి పాడాడు.

తెర వెనక బంగారమ్మ గోనెపట్టా చుట్టుకుని కూర్చుని ఉంది. పొద్దు తాటిచెట్టు దిగింది. ఈతచెట్టు దిగింది. ఆమె చూస్తూనే ఉంది. తాబేలు పిన్ని మాత్రం ఉండబట్టలేకపోయింది. ఆ పుంజు తోక పట్టుకుని లోపలికి ఈడ్చుకురానా అని అడిగింది. నువ్వు అక్కడికి చేరేసరికి రేపవుతుంది పిన్నీ అంది బంగారమ్మ. ఆ కంగారులోనూ ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరికి పాడీ పాడీ జగ్గారావే అలిసిపోయాడు. మీసం మెలేసి, తొడ కొట్టి, లోపలికి వచ్చాడు. గురువుగారు పొద్దు వైపు చూశారు. కొండ మీద చేతి వెడల్పంత మాత్రమే మిగిలింది. ఆయన బంగారమ్మ దగ్గరికి వచ్చి ఎదురుగా కూలబడ్డారు. ఆయన ముఖంలోకి చూడగానే ఆమెకి అర్థమైంది.

"నీ భాగం తీసేస్తానమ్మా. మంగళం పాడించి పంపించేస్తాను. పిల్లలు ఇళ్లు చేరాలి" అన్నారు.

నెల రోజుల్లో గురువుగారికి ఎన్నడూ ఎదురు చెప్పని బంగారమ్మ ఆ రోజు చెప్పింది. గట్టిగా చెప్పలేదు. వణకకుండా చెప్పింది.

"గురువుగారూ, ఇప్పుడు ఆపేస్తే నీళ్లు కట్టేసిన రాజే గెలిచాడని చూసి పోతారు పిల్లలు. నాకు నాలుగు పద్యాలే ఉన్నాయి. రాగం తీయను. మాట మాటగా చెప్పేస్తాను. పొద్దు ఉండగానే మంగళం పాడతాను. ఆ పూచీ నాది."

గురువుగారు ఆమెని చూశారు. పొద్దుని చూశారు. లేచి తెర తీశారు.

బంగారమ్మ ముందుకి వచ్చింది. అంతమంది కళ్లు ఒక్కసారి తన మీద పడేసరికి ముళ్లు గలగలమన్నాయి. గాజుల మలారం వచ్చింది, చేతులు చాపండర్రా అన్నాడు చెట్టు మీద నుంచి కొండముచ్చు. నవ్వులు లేచాయి. బంగారమ్మ నవ్వులు అణిగేదాకా ఆగలేదు. ఆగడానికి పొద్దు లేదు. ఆ నవ్వుల మీదే మొదటి పద్యం అందుకుంది.

సగం పద్యానికి నవ్వులు ఆగిపోయాయి. రెండో పద్యానికి కొండముచ్చు కొమ్మ దిగి కింద కూర్చున్నాడు. మూడో పద్యం రాజు ఒక ముసలామె గుమ్మంలో నిలబడి నీళ్లు అడిగేది.

కోట కట్టినాను కొండంత ఎత్తున
గుక్కెడైన నీరు గొంతుకేది
తలుపు తట్టినాను తల్లి నీ వాకిట
దొంగరాజు నేను దోసిలొగ్గి

కీచురాళ్లు శ్రుతి పట్టడం మరిచిపోయాయి. ఒక లేడి పిల్ల వాళ్లమ్మ చెవిలో, ఆయనకి కాసిని నీళ్లు ఇవ్వవే అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు దూరంగా బండ మీద నుంచి ఒక గొంతు వినిపించింది. పులి.

"వన్స్ మోర్."

జగ్గారావు అన్నిసార్లు పాడినా పులి ఆ మాట అనలేదు. పులి అన్నాక ఇక అందరూ అన్నారు. లేళ్లు, కుందేళ్లు, కొండముచ్చు, నెమలి, చివరికి జగ్గారావు పెట్టలు కూడా. ఈసారి వాటికి ఎవరూ నేర్పలేదు.

బంగారమ్మ గుండె ఝల్లుమంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరూ దగ్గరికి రమ్మనలేదు. ఏదీ ఇంకోసారి చెప్పమని అడగలేదు. ఇప్పుడు అడవి అడవంతా అడుగుతోంది. ఒక్కసారి, ఇంకొక్కసారి పాడితే ఏమైంది అనిపించింది. పాడాలని గొంతులోంచి పద్యం దానంతట అదే లేచి వస్తోంది.

ఆమె పొద్దు వైపు చూసింది. కొండ అంచుకి ఆనింది. ముందు వరుసలో కూర్చున్న కుందేలు పిల్లల్ని చూసింది. బుల్లి కాళ్లు. వాగు దాటి పోవాలి.

బండ మీద పులిని చూసింది. పులి కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజం నీళ్లే. దాని కడుపు కూడా నిజమే.

బంగారమ్మ పులికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ పద్యం మళ్లీ పాడలేదు. నాలుగో పద్యం అందుకుంది.

అందరూ ఒక్క క్షణం నిరాశపడ్డారు. కానీ నాలుగో పద్యంలో రాజు కట్ట తెంపుతాడు కదా. ఒక్కో రాయీ తీసి పారేస్తుంటే పిల్లలు లేచి నిలబడ్డారు. ఆఖరి రాయి తీయగానే వాగు వచ్చింది, వాగు వచ్చింది అని అరిచారు. ఆ అరుపుల్లోనే ఆమె మంగళం ఎత్తుకుంది. గురువుగారు గొంతు కలిపారు. అందరూ కలిపారు. మంగళం అయిపోతూనే ఆమె వేషంలోనే ఉండి, ఇక ఇళ్లకి నడవండి నాయనా, నడవండి అంది. రాజు చెప్పినట్టే లేచారు అందరూ.

పెట్టలు కొమ్మలెక్కాయి. లేళ్లు గుట్ట దాటాయి. కుందేళ్లు వాగు దాటాయి. అన్నిటికంటే చిన్న కుందేలు పిల్ల బొరియలోకి దూరి తోక లోపలికి లాక్కుంది. అప్పుడు పొద్దు గుంకింది.

పులి కళ్లు తుడుచుకుని లేచింది. ఒళ్లు విరుచుకుంది. కడుపు గుర్రుమంది. చుట్టూ చూసింది. తీగ తెర గాలికి ఊగుతోంది. ఎవరూ లేరు. ఆ ఒక్క పద్యం ఇంకోసారి పాడి ఉంటే వాగు ఒడ్డునే ఎవరో ఒకరు దొరికి ఉండేవారు. ఎవరి పిల్లో మనకి తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున జగ్గారావు ఎప్పటిలాగే చెట్టు చివరి కొమ్మ ఎక్కాడు. ఛాతీ విప్పాడు. మెడ చాచాడు. నోరు తెరిచాడు. బుసబుసమని గాలి వచ్చింది గాని కూత రాలేదు. రెండోసారి తెరిచాడు. అంతే. మూడోసారి తెరవడానికి కూడా భయపడ్డాడు. గొంతంతా నిన్ననే అయిపోయింది.

అడవి లేవలేదు. తూర్పు తెల్లబడుతున్నా ఎవరికీ తెలియలేదు. జగ్గారావు కొమ్మ మీద తల వంచుకుని కూర్చున్నాడు.

బంగారమ్మ అప్పుడే దుంపలు తవ్వుకుని ఇంటికి పోతోంది. చెట్టు కింద ఆగి పైకి చూసింది. జగ్గారావు ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఏదో ఒక మాట అంటుందనుకున్నాడు. అనడానికి ఆమెకి హక్కు కూడా ఉంది.

బంగారమ్మ చేతిలోని దుంపలు కింద పెట్టింది. పక్కన పాకిన మిరియాల తీగ నుంచి రెండు గింజలు కోసి చెట్టు మొదట్లో పెట్టింది.

"దిగి వచ్చి ఇవి నమిలి మింగు అన్నయ్యా. మూడు రోజులు మాట్లాడకు. నీ గొంతు వచ్చేదాకా అడవిని నేను లేపుతాను."

అలా అని పక్కనున్న బండ ఎక్కింది. రమ్మని ఎవరూ పిలవలేదు. పాడమని ఎవరూ అడగలేదు. తూర్పు వైపు తిరిగి, ఈసారి తొందరేమీ లేదు కాబట్టి, తీరిగ్గా రాగం తీసి పాడింది. బొరియల్లోంచి, పొదల్లోంచి, కొమ్మల మీద నుంచి ఒక్కొక్కరే లేచారు.

నీతి: మన వంతు కాగానే పక్కకి తప్పుకోవడం తెలియాలి. మన వంతు వచ్చాక పొగడ్త దగ్గర ఆగిపోకుండా పని పూర్తి చేయడం తెలియాలి.